అద్దం మేస్త్రి నూనెగుడ్డలు

మా పెదనాన్నని ఊళ్ళో అందరూ అద్దం మేస్త్రి అంటారు. పాత చెక్కకి పాలిష్ పట్టడం ఆయన పని. తలుపైనా బల్లయినా, అందులో మొహం చూసుకుని మీసం దువ్వుకునేలా మెరిస్తే తప్ప చెయ్యి తీయడు. ఆ మీసం మీదున్న ప్రేమ పెద్దమ్మ మీద కూడా లేదని ఇంట్లో వేళాకోళం.

పనిలో మాత్రం ఆయనది ఒకటే పట్టు. అవిసెనూనె తుడిచిన గుడ్డల్ని కుప్పగా వెయ్యనివ్వడు. ఒక్కొక్కటీ విడదీసి, గాలి తగిలేలా వరండా కమ్మీ మీద ఆరెయ్యాల్సిందే. ఉండచుట్టి మూలన పడేస్తే అవి అగ్గిపుల్ల అక్కర్లేకుండా వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి.

ఊరి నడిబొడ్డున ఉన్న పాత నాటకశాలని బాగుచేసినప్పుడు అన్నదమ్ములిద్దరికీ అందులో పని దొరికింది. చెక్క పని పెదనాన్నది, కరెంటు పని మా నాన్నది. తాతల కాలం నాటి టేకు మెట్లు, పువ్వులు చెక్కిన పైకప్పు. తెరవబోయే ముందు రోజు సాయంత్రం, పనివాళ్ళు ఇళ్ళకి వెళ్ళిన కాసేపటికి, మెట్ల కింద మంటలు లేచాయి. ఫైరింజన్లు వచ్చేసరికి పైకప్పు కూలిపోయింది. ఊరు ఊరంతా రోడ్డు మీద నిలబడి ఏడ్చింది.

మెట్ల కింది అరలోంచే నాన్న లాగిన వైర్లు వెళ్ళేవి. కరిగిన రాగితీగ దొరకగానే విచారణకి వచ్చినవాళ్ళకి ఇంకేమీ వెతకాలనిపించలేదు. షార్ట్ సర్క్యూట్ అని తేల్చేశారు. నాన్న లైసెన్సు పోయింది. నాటకశాల తగలబెట్టినవాడు అన్న పేరు మిగిలింది. అంతకన్నా ఘోరం, నాన్న దాన్ని నమ్మాడు. అన్నం ముందు కూర్చుని కూడా వేళ్ళతో గాల్లో తీగ మెలిపెడుతూ, "ఆ జాయింటు గట్టిగానే బిగించానా?" అనేవాడు. ఇంట్లో బల్బు పోతే అమ్మే మార్చేది. చివరికి మంచం పట్టాడు.

నాటకశాలని మళ్ళీ కట్టారు. చెక్క పని మళ్ళీ పెదనాన్నకే. గుమ్మం పక్క రాతి మీద ఆయన పేరు కూడా చెక్కారు. మా ఇల్లు గడవడం లేదని నన్ను తన పనిలో చేర్చుకున్నదీ ఆయనే. "అన్నయ్య దేవుడు" అని నాన్న కళ్ళు తుడుచుకున్నాడు.

మొన్న షెడ్డులో తొందర పనిలో ఉండి, నూనెగుడ్డల్ని చుట్టి డబ్బాలో కుక్కాను. పెదనాన్న చూసి, డబ్బా లాక్కుని వాకిట్లోకి విసిరేశాడు.

"బుద్ధుందా నీకు? ఒకసారి తగలబడింది చాలదా!"

"ఏది తగలబడింది పెదనాన్నా?"

ఆయన వాకిట్లోకి పోయి గుడ్డల్ని ఒక్కొక్కటీ విడదీయసాగాడు. నేను వదల్లేదు. చివరికి కక్కాడు. ఆ రోజు పేపరువాళ్ళు ఆయన ఫోటో తీయడానికి వచ్చారట. వెనక మురికిగుడ్డలు వేలాడుతుంటే బాగుండదని, అన్నీ చుట్టి మెట్ల కింది అరలోకి తోశాడట. మీసం సవరించుకుని నిలబడ్డాడట. తర్వాత తీయడం మర్చిపోయాడట. మర్నాడు పేపర్లో ఆ ఫోటో పడనేలేదు. ఆ చోట మంటల ఫోటో పడింది.

"చెబుదామనే అనుకున్నానే. ఈలోగా వాళ్ళు వైర్ల వల్లే అని రాసేశారు..."

"రాస్తే? నీ నోరు పడిపోయిందా?" నాకు ఒళ్ళు మండిపోయింది. "పద. ఇప్పుడే వచ్చి నాన్నకి చెప్పు."

చెప్పాడు. మంచం పక్కన కూర్చుని, తల వంచుకుని, ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు. నాన్న అంతా విని, ఎన్నేళ్ళకో మొదటిసారి నవ్వాడు.

"చూశావా మీ పెదనాన్నని! నా బాధ చూడలేక నింద తన నెత్తిన వేసుకుంటున్నాడు. గుడ్డలు కుప్పెయ్యడమా, అదీ మా అన్నయ్యా! ఎవరైనా నమ్ముతారా?"

"నిజం నాన్నా. నాతో ముందే ఒప్పుకున్నాడు" అన్నాను.

"అయితే ఇదంతా నువ్వు చెప్పించావన్నమాట. తప్పు తల్లీ, పెద్దవాడిని అలా ఇబ్బంది పెట్టకూడదు. జాయింటు నాదే అన్నయ్యా. నాకు తెలుసు."

"లేదురా..." అన్నాడు పెదనాన్న.

"ఊరుకో అన్నయ్యా."

పెదనాన్న నా వైపు చూశాడు. ఇంకొక్కసారి గట్టిగా చెప్పమని కళ్ళతోనే బతిమాలాను. ఆయన చెప్పలేదు. బరువు దిగినట్టు ఊపిరి వదిలి, తమ్ముడి భుజం తట్టాడు.

"పెదనాన్నకి టీ పెట్టమ్మా" అన్నాడు నాన్న.

పెట్టాను.