రొయ్యల ముందు నా పరీక్ష

మా అమ్మ బందరు మార్కెట్లో చేపలమ్ముతుంది. నేను బేస్ గిటారు కొనుక్కుని ఇంటికి తెచ్చిన రోజు దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఆరు తీగలుండాలిగా, మిగతా రెండూ కొట్టువాడు ఎగ్గొట్టాడా?" అంది. దీనికి నాలుగే ఉంటాయంటే నమ్మలేదు. కూతురు మోసపోయిందని చుట్టుపక్కల బుట్టలవాళ్లందరికీ చెప్పుకుంది.

మా బ్యాండులో ముగ్గురం. పాడుతూ గిటారు వాయించేవాడిది కోడూరు, డ్రమ్ములవాడిది గుడివాడ, మూడోదాన్ని నేను. మేం వాయించేదాన్ని పోస్ట్-పంక్ అంటారు. సినిమా పాటలకి అలవాటుపడిన చెవికి అది పోట్లాటలా ఉంటుంది. గిటారు గీరుతుంది, గొంతు కసురుతుంది, డ్రమ్ము తరుముతుంది. అందులో రాగమంటూ ఉంటే అది బేస్‌దే. ఈ మాట ఎవరికి చెప్పినా నా గొప్ప నేను చెప్పుకుంటున్నాననుకునేవాళ్లు, మా వాళ్లతో సహా.

ప్రాక్టీసుకి చోటు దొరకడమే పెద్ద గండం. బందరులో మా వీధివాళ్లు ఊరుకోలేదు. గుడివాడలో డాబా మీద మొదలుపెడితే ఇంటివాళ్లే దింపేశారు. చివరికి కోడూరు అవతల, పాడేవాడి మేనమామ రొయ్యల చెరువు గట్టు మీద, మేత బస్తాలు పెట్టుకునే రేకుల షెడ్డు దొరికింది. అక్కడ ఎంత గోల చేసినా అడిగేవాడు లేడు. హైదరాబాదులో మొదటి ప్రోగ్రాం ఖాయమయ్యాక, సెలవులు పెట్టుకుని ఆ షెడ్డులోనే మకాం వేశాం.

మర్నాటి నుంచే రొయ్యలు మేత ముట్టడం మానేశాయి.

"డ్రమ్ము గాల్లో పోతుందిరా. ఈ అమ్మాయి వాయించేది నేలలోకి దిగుతోంది. రొయ్య బెదిరిపోతోంది," అన్నారు మావయ్య. ఆయన్ని మేమందరం మావయ్యా అనే పిలుస్తాం.

పాడేవాడు కాసేపు నసిగి, "పోనీ, బేస్ ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని హెడ్‌ఫోన్లలో విందామా?" అన్నాడు. నా ఒళ్లు మండిపోయింది. వేళ్లు బొబ్బలెక్కేలా నేర్చుకున్నదంతా చివరికి ఒక బటన్ నొక్కితే సరిపోతుందా? షెడ్డు పోతే ప్రోగ్రాం పోయినట్టే. షెడ్డు ఉండాలంటే నేను పోవాలి.

"పరీక్ష పెట్టండి మావయ్యా," అన్నాను. రొయ్యలు తింటున్నాయో లేదో చూడ్డానికి చెరువులోకి దించే వల పళ్లెం ఒకటుంటుంది, చెక్‌ట్రే అంటారు. కాస్త మేత వేసి దించి, రెండు గంటలాగి పైకి లాగితే ఖాళీగా రావాలి. "అది పైకొచ్చేదాకా నేనొక్కదాన్నే వాయిస్తాను. మేత మిగిలితే బ్యాండు మానేస్తాను."

గట్టు మీద ఆంప్, అదే బేస్ స్పీకరు పెట్టె, పెట్టుకుని కూర్చున్నాను. తోడు లేకుండా అంతసేపు ఎప్పుడూ వాయించలేదు. మొదట మా పాటలే వాయించాను. అవి అయిపోయాక చెయ్యి ఎటు పోతే అటు పోనిచ్చాను. ఒక నడక దొరికింది. కిందికి దిగి, ఇంకా దిగి, చివర్లో మెల్లిగా తలెత్తేది. దాన్ని వదలబుద్ధి కాలేదు. మా వాళ్లిద్దరూ ఫోన్లు జేబులో పెట్టేసి వింటున్నారట, నేను చూళ్లేదు. నా చూపంతా నీళ్ల మీదే. తినండి తల్లీ, తినండి అని లోపల్లోపల బతిమాలుకుంటున్నాను.

మావయ్య ట్రే లాగారు. వేసిన మేత వేసినట్టే ఉంది.

"నేను చెప్పలా?" అన్నారు.

ఏడవకూడదనుకున్నాను, ఏడ్చాను. బేస్ సంచిలో పెట్టుకుని షెడ్డులోకి వెళ్తే, డ్రమ్ములవాడు తన సింబల్స్, ఆ ఇత్తడి పళ్లాలు, విప్పుతున్నాడు. "నువ్వెందుకు సర్దుతున్నావు?" అన్నాను. "నువ్వు లేకుండా నేనెవరితో వాయించాలే?" అన్నాడు. పాడేవాడు నా ఆంప్ ఎత్తుకుని, "షెడ్డు వద్దులే మావయ్యా," అని ముందు నడిచాడు.

మర్నాడు మావయ్య ఫోన్ చేశారు. "మీ మోత చేరని అవతలి చెరువులోనూ ముట్టలేదమ్మా. నిన్న అమావాస్య. గుల్ల మార్చుకునే రోజుల్లో రొయ్య సరిగా తినదు. మీ గోల మీద కోపంలో ఆ సంగతే మర్చిపోయాను. వచ్చెయ్యండి," అన్నారు. వెళ్లాం. హైదరాబాదులో వాయించాం. తర్వాత బెంగళూరులో వాయించాం. ఇప్పుడు కొచ్చి నుంచి పిలుపొచ్చింది.

అయినా నీ కెరీర్ ఎక్కడ మొదలైందని ఎవరైనా అడిగితే, నాకు షెడ్డు వదిలేసిన రోజు ఎక్కిన ట్రాలీ ఆటోనే గుర్తొస్తుంది. సామాన్ల మధ్య ఇరుక్కుని అవనిగడ్డ వైపు వెళ్తున్నాం. "ఇందాక చివర్లో ఒకటి వాయించావే, అది మళ్లీ వాయించు," అన్నాడు పాడేవాడు. కరెంటు లేకుండా బేస్ ఎవరికి వినపడుతుందిరా, అదీ ఈ ఆటో మోతలో, అని విసుక్కున్నాను. విసుక్కుంటూనే సంచి విప్పి, ఒళ్లో పెట్టుకుని మొదలుపెట్టాను. వాళ్లిద్దరూ అదురుతున్న దాని చెక్క మీద చెరో చెయ్యీ ఆనించి, అవనిగడ్డ వచ్చేదాకా తియ్యలేదు.