అయ్యగారి చప్పట్లు

మనుషుల మాట వినడం నాకు రాదని తెలియడానికి నా గొంతు పోవలసి వచ్చింది. అంతవరకు, దేవుడు నాకు రెండు చెవులు ఇచ్చింది కళ్లజోడు తగిలించుకోవడానికే అన్నట్టు బతికాను. వరంగల్‌లో, మరమగ్గాల చప్పుడు మధ్య ఒక చిన్న క్రైస్తవ సంఘానికి కాపరిని నేను. కాపరి అన్నవాడు గొర్రె అరిస్తే వినాలి. నేను గొర్రెకంటే ముందే అరిచేవాణ్ని.

నా దగ్గర ఒక ఆయుధం ఉండేది. ఎవరైనా కష్టం చెప్పుకోబోయి రెండు మాటలు అనగానే "ప్రార్థన చేద్దాం" అని కళ్లు మూసుకునేవాణ్ని. ఆ మాట పడ్డాక మావాళ్లలో ఎవరూ నోరెత్తరు. కొంగులు తలల మీదికి వస్తాయి, టీవీ ఆగిపోతుంది, అల్లరి చేసే పిల్లల వీపున ఒకటి పడుతుంది. ఆ తర్వాత మాట్లాడే హక్కు నాది, ఆమెన్ అనే హక్కు వాళ్లది. వాళ్లు చెప్పని కష్టాన్ని నేనే ఊహించి, దేవుడికి విన్నవించి, టీ తాగి వచ్చేసేవాణ్ని.

మా చర్చిలో డోలక్ వాయించే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. కొత్తవాడలో వయసంతా మరమగ్గాల దగ్గర, మావాళ్ల మాటలో సాంచల దగ్గర, పనిచేసి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాడు. వారమంతా మంచం మీద పిల్లి, ఆదివారం డోలక్ ముందు పులి. అలాంటి మనిషి, క్రిస్మస్ దగ్గర పడుతుండగా, చర్చికి రావడం మానేశాడు. డోలక్‌కు గుడ్డ కప్పి మూలకు పెట్టాడట. ఆయన భార్య గేటు దగ్గర నన్ను పట్టుకుంది.

"అయ్యగారూ, ముసలాయన అన్నం సుత సక్కగ తింటలేడు. మీరొచ్చి జర ఆయన మాట ఇనుండ్రి."

ఆమె వినమంది. నేను మాట్లాడదామని వెళ్లాను.

పెద్దాయన గోడకు ఆనుకొని కూర్చొని, "అయ్యగారూ, గా పాటలప్పుడు..." అని మొదలుపెట్టాడు. నాకు చప్పున వెలిగింది. ఆయన చివరిసారి వచ్చిన ఆదివారం నేను జర్దా నమిలేవాళ్లను ఉతికి ఆరేశాను. రోషం వచ్చి ఉంటుంది! "ప్రార్థన చేద్దాం" అన్నాను. ఈ పెద్దాయనను జర్దా బంధకాల నుంచి విడిపించమని వీధి చివరిదాకా వినిపించేలా మొరపెట్టాను. కళ్లు తెరిచేసరికి ఆయన భార్య ఆయన్నే చూస్తోంది.

"జర్దా తింటానవా?"

"నేనా? వక్కపలుకు తప్ప నా నోట్లె ఏం పడ్డదే?"

ఆ పంచాయితీ వాళ్లకు వదిలేసి వచ్చాను. ఇంకోసారి వెళ్లినప్పుడు ఆయన "గా చప్పట్లు..." అన్నాడు. ఎవరో చప్పట్లు చరిచి ఎగతాళి చేశారనుకొని, శత్రువులను క్షమించే మనసు ఇమ్మని ప్రార్థించాను. ఈసారి ఆయన ఆమెన్ కూడా అనలేదు.

ఆ వెంటనే ములుగు దారిలో ఒక పల్లెలో సభలు జరిగాయి. మైకు పాడైతే, మైకు అవసరం నాకేమిటని రెండు సాయంత్రాలు అరిచి గొంతు పోగొట్టుకున్నాను. దవాఖానలో డాక్టరు నోట్లోకి లైటు వేసి చూసి, వారం రోజులు గుసగుస కూడా వద్దన్నాడు. "వారం సాలుతదా సార్?" అని మా ఆవిడ అడిగింది. మౌనం అర్ధాంగీకారం అంటారు. మా ఇంట్లో అది అర్ధాంగికి పూర్తి అంగీకారం.

"ఇంట్ల కూసోని నాకు సైగలు జేసుడెందుకు? గా పెద్దయ్య దగ్గరికన్న పోయిరాండ్రి" అని ఆమే తరిమింది.

మఫ్లర్ చుట్టుకొని వెళ్లి, పెద్దాయనకు గొంతు చూపించి చెయ్యి ఊపాను.

"మాట వస్తలేదా? అస్సలుకే?"

లేదని తల ఊపాను.

"ప్రార్థన సుత?"

మళ్లీ ఊపాను. ఆయన ముఖం కళకళలాడింది. లేచి తలుపు దగ్గరికి వేసి, కుర్చీ నా ఎదురుగా జరుపుకున్నాడు.

"అయ్యగారూ, సాంచల కాడ పనిజేసి నా చెవులు సగం పోయినయి. పాట నాకు పూర ఇనవడది. మా ముసల్దానికి తప్ప ఎవలకు జెప్పలే. మీరు ముంగట నిలవడి చప్పట్లు కొడతరు గదా, గా చేతులు సూసుకుంట వాయిస్తాన. మీ చేతులేమో పాటను ఇడిశిపెట్టి ఎటో పోతాంటయి. మీ ఎనుక నేను. అందరేమంటాండ్రు? ముసలోని చెయ్యి ఆగమైందట! పాడే ఆడోళ్లు నా ముంగటనే నవ్విండ్రు." రెండు అరచేతులూ నా ముందు చాపాడు. "సూడుండ్రి. ఇవి ఆగం కాలే. మీయే ఆగమైనయి."

గొంతు ఉండి ఉంటే సరిగ్గా అప్పుడే "ప్రార్థన చేద్దాం" అనేవాణ్ని. నోటికి తాళం పడ్డాక గాని నా చేతులకు తాళం లేదని తెలియలేదు. ఏం చెయ్యాలో తోచక రెండు చేతులూ తొడల కింద పెట్టుకొని బడిపిల్లాడిలా కూర్చున్నాను. పెద్దాయన పగలబడి నవ్వాడు. ఇక ఆపలేదు. పొద్దు గూకేదాకా చెప్పాడు. చివరికి మా మధ్య ఒప్పందం కుదిరింది. పాటలప్పుడు నేను బైబిల్‌ను రెండు చేతులా పట్టుకోవాలి. ముందు నిలబడి చప్పట్లు కొట్టేది ఆయన భార్య.

ఇంటికి వచ్చి కాగితం మీద రాసి మా ఆవిడకు చూపించాను: నా చప్పట్లు తాళం తప్పుతాయా?

"పెండ్లయిన కాన్నుంచి. చర్చంత ఎరుకే."

మరి చెప్పలేదేం అని రాశాను.

"చెప్తె మీరు ఇంటే గదా!"

క్రిస్మస్ ఆరాధనకు పెద్దాయన వచ్చాడు. భార్య చేతులు చూస్తూ వాయించాడు, ఒక్క దెబ్బ తప్పలేదు. నేను బైబిల్ వదల్లేదు. అప్పటికి నా గొంతు కూడా తిరిగి వచ్చింది. ఎవరి అనుభవం వాళ్లు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ అయింది. వెనక షామియానా కింద బిర్యానీ మూత తీసినట్టున్నారు, వాసన లోపలిదాకా వచ్చింది. మైకు పెద్దాయన చేతికి ఇచ్చాను.

"పెద్దయ్యా, మనసుల ఉన్నదంత చెప్పుండ్రి. తొందరేం లేదు."

ఆయన తన చెవుల సంగతి చెప్పాడు. నా చేతుల సంగతి ఇంకా బాగా చెప్పాడు. చర్చంతా నవ్వింది. పాడే ఆడవాళ్లు మాత్రం తలలు దించుకున్నారు. "నా చెయ్యి ఆగం కాలే" అని ఆయన అనగానే అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

అక్కడితో అయిపోతుందనుకున్నారు పాపం. ఆయన మొదటి సాంచ దగ్గరికి వెళ్లాడు, అక్కడినుంచి పెళ్లికి, పెళ్లినాడు పడ్డ వానకు. పెద్దలు గడియారం చూశారు. పిల్లలు షామియానా వైపు చూశారు. ఆయనను ఆపగల మాట ఒక్కటే ఉంది, అది నా నోట్లో ఉంది. ఆడవాళ్ల వైపు నుంచి మా ఆవిడ చేతులు జోడించి, కళ్లు మూసి తెరిచి, ప్రార్థన చెయ్యమని ఒకటే సైగలు.

బైబిల్ పట్టుకున్న నా రెండు చేతులూ పైకెత్తి ఆమెకు చూపించాను. ఖాళీ లేవు.

పెద్దాయన అప్పుడే డోలక్ తోలు ఎక్కడ కొన్నాడో మొదలుపెట్టాడు. నేను చెవి కాస్త ముందుకు వంచి, హాయిగా వింటూ కూర్చున్నాను.