పెద్దమ్మ తడిచెయ్యి

మొన్న ఉదయం అండమాన్‌లోని మా ఊరు మాయాబందర్ నుంచి ఫోన్ వచ్చింది. మా పక్కింటి పెద్దమ్మ పోయిందన్నారు. చేపలు తోముతూ తోముతూ గోడకు ఆనుకుందట, అంతే. నేను నమ్మలేదు. ఫోన్ పెట్టేసి, మళ్లీ నేనే చేసి అడిగాను. ముందురోజే కదా, ఎండుచేపలు ఎవరిచేత పంపాలో చెప్పమని నన్ను పోరింది! అలాంటి మనిషి లేకపోవడమేమిటి?

మాకు రక్తసంబంధం లేదు. శ్రీకాకుళం తీరం నుంచి మావాళ్లు వచ్చిన ఓడలోనే ఆమె కూడా వచ్చింది. మగవాళ్లు వేటకు బయల్దేరే ప్రతి ఉదయం చెంబుతో నీళ్లు పట్టుకుని ఒడ్డున నిలబడేది. చెయ్యి తడిపి ఒక్కొక్కరి నెత్తిన పెట్టి “సల్లగుండు బాబూ” అనేది. ఎవరైనా ఆలస్యం చేస్తే ఆ దీవించే నోటితోనే తిట్టిపోసేది. ఆ చెయ్యి పడకుండా మా నాన్న పడవ ఎక్కిన రోజు నాకు గుర్తులేదు.

మా ఎదురింటి దీదీవాళ్లు రాంచీ వైపు నుంచి అడవి పనికి వచ్చినవాళ్లు. ఆమె ఒక్కగానొక్క కొడుక్కి ఓడలో ఉద్యోగం వచ్చింది. వాడు బయల్దేరే ముందురోజు పెద్దమ్మ నన్ను పిలిచింది.

“ఒలే గుంటా, సల్లగుండమని ఆళ్ల బాసలో ఏటంటారే?”

నాకప్పుడు పదేళ్లు. బడిలో హిందీ నాకే బాగా వచ్చునని గొప్ప. “ఠండా హో జా” అని చెప్పేశాను.

మర్నాడు జెట్టీ మీద ఆ కుర్రాడి నెత్తిన తడిచెయ్యి పెట్టి పెద్దమ్మ ఆ ముక్కే అప్పజెప్పింది. దీదీ ఆ చేతిని విసిరికొట్టింది. చెంబు దొర్లిపోయింది.

“మేరా బేటా కో మరనే బోల్తా?” అని అరిచింది, నా కొడుకుని చావమంటావా అని.

వాళ్ల మాటల్లో మనిషి చల్లబడటమంటే చనిపోవడమే. పెద్దమ్మ నావైపు ఒక్కసారి చూసింది. నా పేరు మాత్రం చెప్పలేదు.

ఇంటికొచ్చి నేను ఏడుస్తుంటే, “ఊరుకో. మనం ఎండకి సచ్చీవోళ్లం, సల్లదనం మనకి సుకం. ఆళ్ల కొండల్లో సలికి ముసిలోళ్లు పోతారంట. ఆ మాటకి కన్నతల్లి బెదరదేటి?” అంది.

దీదీ ఆర్నెల్లు పెద్దమ్మతో మాట్లాడలేదు. కొడుకు సెలవుకొచ్చి మళ్లీ బయల్దేరిన రోజున పెద్దమ్మ చెంబు ముట్టుకోలేదు. పొయ్యి మీద అరచెయ్యి కాచుకుంది. జెట్టీకి వెళ్లేలోపు వేడి పోతుందని వాళ్ల గుమ్మంలోనే వాడి నెత్తిన పెట్టింది. నోరు విప్పలేదు. దీదీ ఈసారి అడ్డురాలేదు.

ఆ తప్పు నాదని దీదీకి చెప్పేస్తానని ఎన్నిసార్లు అన్నానో. పెద్దమ్మే ఆపేది. “ఇప్పుడెందుకే, ఒగ్గేయ్.” నేనూ వదిలేశాను. ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఆమె బతికుండగా చెప్పాల్సింది.

పోర్ట్ బ్లెయర్ నుంచి బస్సులో నేను చేరేసరికి అంతా అయిపోయింది. పెద్దమ్మ వరండాలో దీదీ ఒక్కతే కూర్చుని ఉంది. పక్కన ఆ చెంబు. ఆమె ముందు కూలబడి, ఆనాటి మాట నేర్పింది నేనేనని చెప్పాను.

“ఇతనా సాల్... వో బతాయా నహీ,” అంది దీదీ, పెద్దమ్మ ఒక్కసారైనా చెప్పలేదని. ఇన్నేళ్లూ ఆ మాటను తన మీదే వేసుకున్న మనిషి కోసం అప్పుడు ఏడ్చింది.

తర్వాత చెంబులో చెయ్యి ముంచి నా నెత్తిన పెట్టింది.

“సల్లగుండు,” అంది, పెద్దమ్మ యాసలోనే.

నీళ్లు పాపిట్లోంచి నుదుటి మీదికి జారాయి. నేను తుడుచుకోలేదు.