పసుపు దారం కట్టిన అడీనియం కాయలు

రియాద్‌లో, మలాజ్‌లోని మా బిల్డింగులో, పై వాటాలో చాలా ఏళ్లు ఉండి, రెండేళ్ల కిందట ఇక తిరిగి రాకుండా ఖురూజ్ వీసా కొట్టించుకుని కడపకు వెళ్లిపోయిన చిన్నాయన ఇక లేరు. పోయిన శుక్రవారం ఆయన కోడలు ఫోన్ చేసింది. నిద్రలోనే పోయారట. "నీకు తప్పకుండా సెప్పాలనిపించిందక్కా. మేడ మీద సెట్లు సూసుకుంటాండేది నువ్వేనంట గదా" అంది. నేను ఊఁ అన్నాను.

ఆయన నాకు రక్తసంబంధీకులు కారు. ఏసీ మెకానిక్, అయిదు పూటలా నమాజు తప్పని మనిషి. మాది కర్నూలు. రియాద్‌కు వచ్చిన కొత్తలో మెట్ల మీద సీమ మాట వినబడేసరికి ప్రాణం లేచివచ్చి "చిన్నాయనా" అనేశాను. "ఏం మ్మే, యా ఊరు మనది?" అన్నారాయన. చుట్టరికం అక్కడే కుదిరిపోయింది.

ఆయన పిచ్చి అడీనియం మొక్కలు. ఎడారి గులాబీ అంటారే, అవి. జిజాన్‌లో పనికి వెళ్లినప్పుడు కొండ కింద చూసి ఒక మొక్క తెచ్చుకున్నారు. కాండం బానలాగా ఉబ్బి ఉండేది, పూలు మాత్రం వెలిసిపోయిన గులాబీ రంగు. నర్సరీలో కొన్న ఇంకో మొక్కకు ముదురు ఎర్రటి పూలు, కానీ కాండం పుల్ల. ఇక్కడి ఎండకు సొమ్మసిల్లేది. జిజాన్ దాని ఒళ్లు, ఎర్రదాని రంగు ఒకే చెట్టుకు రావాలని ఆయన తపన. కుంచెలో మూడు వెంట్రుకలు మాత్రం ఉంచి మిగతావి కత్తిరించేసేవారు. పువ్వు గొట్టాన్ని బ్లేడుతో చీల్చి, లోపల దాక్కున్న పుప్పొడిని ఆ మూడు వెంట్రుకలతో తీసి రెండో పువ్వుకు అంటించేవారు. చాలా పూలు రాలిపోయేవి. ఎక్కడో ఒకటి జంట కొమ్ముల్లాగా కాయ కట్టేది.

నేను పుట్టు పిరికిదాన్ని. అడీనియం పాలు విషమని తెలిశాక కుంచె పట్టుకుంటే చాలు చేతులు వణికేవి. ఆయన నవ్వేవారు. "బయం ఉంటే ఉండనీ మ్మే. పని ఆగకుంటే సాలు" అనేవారు.

ఒకసారి ఆయన నాలుగు రోజులకని మదీనా వెళ్లారు. వెళ్లేముందు, "కాయలు పండుతాండాయి. పగిలితే ఇత్తనాలకు దూది ఉంటాది, గాలికి యాడికో పోతాయి. దారం సుట్టి కట్టు, యాది యేదో రాసిపెట్టు" అని చెప్పి వెళ్లారు. ఇంట్లో నా దగ్గరున్నది వ్రతానికని కర్నూలు నుంచి తెచ్చుకుని, బీరువాలో బట్టల కింద దాచుకున్న పసుపు దారం ఒక్కటే. అదే కట్టాను. చేతికి అలవాటైన పని కదా, తోరానికి వేసినట్టు ప్రతి కాయకూ తొమ్మిది ముడులు పడ్డాయి. చీటీల మీద తెలుగులో తల్లి మొక్క పేరు, తండ్రి మొక్క పేరు రాసి ఆ దారాలకే గుచ్చాను. చక్కగా కట్టానని మురిసిపోయాను కూడా.

మూడో రోజు వాచ్‌మన్ నీళ్ల ట్యాంకు చూడటానికి పైకి వెళ్లాడు. బంగ్లాదేశ్ మనిషి. దిగి వచ్చినప్పుడు ముఖంలో నెత్తురు చుక్క లేదు. "భాభీ, ఊపర్ కిసీనే జాదూ కియా హై" అన్నాడు. పైన ఎవరో చేతబడి చేశారట. ముడులేసిన దారాలు, అర్థంకాని రాతలు, కొమ్ముల్లాంటి కాయలు. ఈ దేశంలో ఆ మాటకు జైలుతో సరిపోదు, అది ఇక్కడి వాళ్లందరికీ తెలుసు. వాడు మేడ తలుపుకు తాళం వేసి, బిల్డింగు యజమానికి ఫోన్ చేశాడు. మర్నాడు సాయంత్రం అసర్ నమాజు తర్వాత వచ్చి చూస్తానన్నాడట ఆయన.

వెళ్లి తెంపేద్దామంటే తాళం. మా ఆయనకు చెబితే, "నువ్వేం ఎరగనట్టు ఉండు" అన్నారు గానీ, అన్నం కంచం ముందు నుంచి లేచిపోయారు. ఈ దేశంలో ఉండనిచ్చే మా ఇకామా కార్డులు తీసి బల్ల మీద పెట్టుకుని చూస్తూ కూర్చున్నాం. మెట్ల మీద ఎవరి చెప్పు చప్పుడైనా లేచి వెళ్లి తలుపు గడియ చూసి వచ్చేదాన్ని.

మర్నాడు మధ్యాహ్నం చిన్నాయన మదీనా నుంచి దిగారు. సంచి కూడా కింద పెట్టనీయకుండా ఏడుస్తూ అంతా చెప్పాను. చేతిలోని ఖర్జూరం పొట్లం నాకిచ్చి, "తలుపేసుకో మ్మే. నోరు తెరవాకు" అన్నారు.

తలుపు వెనకే నిలబడ్డాను. యజమాని చేతికర్ర చప్పుడు పైకి పోయింది, వెనకే చిన్నాయన అడుగులు. ఎంతసేపైందో తెలియదు. అరబ్బీలో గొంతులు లేవడం, తగ్గడం వినిపించాయి. 'ఆ దారాలు నావి' అని తలుపు తీసి చెప్పాలి. గడియ మీద చెయ్యి పెట్టాను కూడా. తీయలేదు.

దారాలు తనవేనని, గింజలు ఎగిరిపోకుండా తానే కట్టానని ఆయన చెప్పారట. యజమాని ఒక కాయ విప్పించి, గింజలు అరచేతిలో వేసుకుని చాలాసేపు చూశాడట. చివరకు, పొద్దుగూకే మగ్రిబ్ నమాజులోగా ఒక్క దారం కూడా కనబడకూడదని చెప్పి దిగిపోయాడు. ఆ సాయంత్రం గాలి దుమారం. చిన్నాయన దారాలన్నీ తెంపి కాల్చేశారు. ఒక పక్క పండిన కాయలు పగులుతుంటే, ఎన్నాళ్లో కష్టపడి కలిపిన గింజలు దూది రెక్కలతో మలాజ్ మేడల మీదుగా ఎగిరిపోయాయి. కిటికీలోంచి నేను చూస్తూనే ఉన్నాను.

"నీ మీదెందుకు వేసుకున్నావు చిన్నాయనా?" అని తర్వాత అడిగాను. "నీకు అరబ్బీ రాదు, నాకొస్తాది. అంతే" అన్నారు. నమాజు మనిషి, ఆ నింద తన మీద పడి ఉంటే ఏమయ్యేదో నాకంటే ఆయనకే బాగా తెలుసు. ఆ తర్వాత ఏ కాయకూ దారం కట్టలేదు. ఏసీ ఫిల్టరు జాలీతో చిన్న సంచులు కుట్టి తొడిగేవారు. వెళ్లిపోయే ముందు మిగిలిన సంచులు, మొక్కలు నాకు అప్పజెప్పారు. వాటిలో ఒకటి జిజాన్ తల్లికి పుట్టినదే. దాని పూల రంగు ముదురు ఎరుపుకు ఇంకా దగ్గరకు రాలేదు.

ఫోన్ వచ్చిన మర్నాటి ఉదయం మేడెక్కితే, ఆ చెట్టు కాయ అంచు చిట్లడానికి సిద్ధంగా ఉంది. ఆయన కుట్టిన సంచులు ఎండకు ఎప్పుడో పొడైపోయాయి. కిందికి వెళ్లి బీరువాలోంచి పసుపు దారం తెచ్చాను. తొమ్మిది కాదు, ఒక్క ముడే వేస్తున్నాను. మెట్ల మీద అడుగుల చప్పుడైంది. కొత్తగా వచ్చిన వాచ్‌మన్, చేతిలో పైపు, చూపు దారం మీద.

"యే కిస్కా హై?" ఎవరిదని అడిగాడు.

చేతులు ఎప్పటిలాగే వణుకుతున్నాయి. ముడి బిగించి, "మేరా హై" అన్నాను.

వాడు ఇంకా చూస్తూనే ఉన్నాడు. గాలికి కాయ ఊగింది, పగల్లేదు.