ఆకుపచ్చ షామియానా, తెల్లటి మోడల్

జగిత్యాలలో నా పని, కట్టబోయే భవనాలను ఫోమ్‌బోర్డుతో, అక్రిలిక్ ముక్కలతో బల్లమీద పట్టేంత చిన్నగా చేసి చూపించడం. కోరుట్ల బిల్డర్ ఒకాయన, సిరిసిల్లలో కట్టే ఫంక్షన్ హాలుకు తెల్లటి మోడల్ చేయించుకున్నాడు. తయారయ్యాక వచ్చి, ట్యూబ్‌లైట్ కింద దాని చుట్టూ తిరిగి మొహం చిట్లించాడు.

“గిదేంది మేడం, జరమొచ్చి లేచినట్లున్నది?”

నిజమే. ఆ వెలుగులో స్తంభాలు గోడల్లో కలిసిపోయాయి. లైటు ఆర్పి, ఒక పక్కనుంచి పసుపు బల్బు పెట్టాను. మెట్ల మీద నీడలు పడ్డాయి, స్తంభాలు ముందుకొచ్చి నిలబడ్డాయి.

“ఇగో, గిప్పుడు ప్యాలెస్ లెక్కున్నది! ఒక్క లైటుకే గిట్లుంటే నాలుగు పెడితే ఎట్లుంటది?”

ఎలా ఉంటుందో కోరుట్లలో ఆయన ఆఫీసుకు వెళ్లి చూశాను. నాలుగు మూలలా ఫోకస్ లైట్లు. ఒకటి వేసిన నీడను ఇంకొకటి తుడిచేస్తోంది. నేను కళ్లు గుంజేలా కూర్చుని కోసిన కిటికీలు మాయమై, హాలు ఒంటిసబ్బులా మెరుస్తోంది. వచ్చినవాళ్లంతా కళ్లు చికిలించి “సూపర్” అంటున్నారు.

భూమిపూజకు సిరిసిల్లలో ఆకుపచ్చ షామియానా వేశారు. మిట్టమధ్యాహ్నపు ఎండ ఆ గుడ్డలోంచి దిగి, అక్కడ బల్లమీద పెట్టిన మోడల్‌ను లేతాకుపచ్చ చేసేసింది. హాలులో భాగస్తుడు సాంచెల యజమాని. మరమగ్గాల మీద రంగురంగుల బట్ట నేయించి ఎదిగిన మనిషి. వంగి చూసి మురిసిపోయాడు.

“కలర్ జబర్దస్తున్నది. గిదే ఎయ్యున్రి.”

“సార్, గది షామియానా రంగు. మోడల్ తెల్లగనే ఉన్నది,” అన్నాను.

బిల్డర్ చూసిన చూపుకు ఇంకొకరైతే నోరు మూసుకునేవారు. నేను చదువుకున్నదాన్ని కదా, రుజువు చేయాలి. మోడల్‌ను ఎత్తుకెళ్లి ఎండలో పెట్టాను. తెల్లగా తళతళలాడింది. దాంతోపాటు జిగురు మరకలు, నా వేలిముద్రలు, ఒక పక్కకు ఒరిగిన పిట్టగోడ కూడా తళతళలాడాయి.

యజమాని కంగారుపడ్డాడు. “ఎండకు రంగు పోతున్నదమ్మా! జల్ది లోపలికి తీస్కరా.”

అందరూ తలలూపారు. తెచ్చాను. రంగు తిరిగొచ్చింది. చప్పట్లు కొట్టారు.

హాలు లేచింది, లోపలా బయటా అదే ఆకుపచ్చతో. ఈమధ్య అందులో బంధువుల పెళ్లికి వెళ్లాను. గోడల మీద పడ్డ వెలుగు అందరి మొహాలకూ పాకుతోంది. ఫొటోగ్రాఫర్ పెళ్లికొడుకును బతిమాలుతున్నాడు.

“అన్నా, గోడకు జర దూరం జరుగు. కడుపుల తిప్పినట్లు కనవడుతున్నవ్.”

బిల్డర్ నన్ను చూసి నవ్వుకుంటూ వచ్చాడు. “చూసిన్రా మేడం, అచ్చం మీ మోడల్ లెక్కనే కట్టించిన. అడిగినోళ్లందరికి, కలర్ మీరే చెప్పిన్రని చెప్తున్న.”

మర్యాదకు నవ్వి భోజనాల వైపు నడిచాను. అక్కడ అన్నం కూడా ఆకుపచ్చగానే ఉంది.