ఎదురుగాలి

ముత్తన్న ఎక్కడ నిలబడ్డా ముందు గాలి చూసేవాడు. గుప్పెడు ఇసుక వేళ్ల సందుల్లోంచి జారవిడిచి, అది ఎటు ఎగిరితే అటు కళ్లు చిట్లించేవాడు. జగిత్యాల దిక్కు గుట్టల్లో మేకలు కాసి బహ్రెయిన్ వచ్చిన మనిషి. వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ తోటలో జింకలకు మేత వేయడం అతని డ్యూటీ. ఒక శుక్రవారం మధ్యాహ్నం చూలు జింక ఒకటి కంచె దాటి ఎడారిలో పడింది. హైవే ఎక్కిందంటే ఏ లారీ కిందో రెండు ప్రాణాలూ పోతాయి. మత్తుసూది తుపాకి పట్టుకుని ముత్తన్న, వెంట డ్రైవర్ బాఖర్ బయల్దేరారు. తుమ్మపొదల దగ్గర కనబడింది గాని, సూది అందేంత దగ్గరికి పోకముందే తలెత్తి, ఒక్క దూకుతో పారిపోయింది.

"చప్పుడు గూడ చెయ్యలే గద భాయ్," అన్నాడు బాఖర్.

"నువ్వు చెయ్యలే, నీ అత్తరు చేసింది. సీసా మొత్తం పోసుకున్నవా?"

"నమాజుకు పూసుకున్న. జింకను కలుస్తనని నాకేం ఎరుక?"

"బండిల కూసో, నేనొక్కన్నే పోత."

ముత్తన్న చుట్టు తిరిగి, గాలి తన మొహానికి కొట్టే వైపు నుంచి వచ్చాడు. దాక్కోవడానికి ఇక్కడ గుట్టలు లేవు. కాలే ఇసుకలో బోర్లా పడి మోచేతులతో పాకాడు. జింక తలెత్తినప్పుడల్లా కట్టెలా పడి ఉండి, అది మళ్లీ మేయడం మొదలుపెట్టాకే కదిలాడు. మోచేతులు చీరుకుపోయినా వెనక్కి తిరగలేదు. చివరికి సూది తొడకు దిగింది. జింక తూలి పడగానే చొక్కా విప్పి దాని కళ్లకు కప్పాడు. బండి తెచ్చిన బాఖర్ "ఖలాస్, ఎత్తుదాం పా" అన్నా వినలేదు. దాని కడుపు మీద అరచెయ్యి ఆనించి, లోపలి పిల్ల తన్నేదాకా అలాగే కూర్చున్నాడు.