రూతమ్మగారి మాటలు దిద్దిన రోజు

2022 వేసవి. నూజివీడులో నా డీటీపీ సెంటర్‌కి పెళ్లి కార్డులూ, మామిడి పెట్టెల లేబుళ్లూ తప్ప పుస్తకాలు అరుదుగా వచ్చేవి. అలాంటి రోజుల్లో విస్సన్నపేట నుంచి సుజాత టీచర్ తను రాసిన కవితల నోటుబుక్కు తెచ్చారు. వాళ్లమ్మ రూతమ్మగారు ముప్పై ఏళ్లు తోటల్లో కాయ కోశారు. కవితలన్నీ ఆవిడ జీవితమే.

నోటుబుక్కులో ఉన్నది ఉన్నట్టు టైపు చేసి ప్రూఫ్, అంటే తప్పులు చూసుకోవడానికి తీసే కాపీ, ఇచ్చాను. టీచర్ చదివి సంతకం పెట్టారు. ఫైలు విజయవాడ ప్రెస్సుకి పంపేముందు చివరిసారి చూస్తే 'సెట్టు', 'నీల్లు', 'మాత్తరం' కనిపించాయి. పాపం, తెలుగు టీచరై ఉండి చూసుకోలేదనుకున్నాను. అన్నీ దిద్ది పంపేసి, మధ్యాహ్నం గొప్పగా ఫోన్ చేశాను.

"తప్పులన్నీ నేనే సరిచేశానండీ."



"అవి తప్పులు కాదండీ, మా అమ్మ మాటలు," అన్నారు టీచర్. "స్కూల్లో నన్నూ అలాగే దిద్దారు. ఆ తర్వాత పదిమందిలో అమ్మ నోరు తెరిస్తే నాకు సిగ్గేసేది. ఆ సిగ్గు పోవాలనే ఈ పుస్తకం రాశాను."

ప్లేటు తీశారంటే, అంటే అచ్చుకి అల్యూమినియం రేకు సిద్ధమైపోతే, ఇక దిద్దడం ఉండదు. వెంటనే ప్రెస్సుకి ఫోన్ చేశాను.

"పొద్దుట్నుంచీ కరెంటు లేదండీ. మీది ఇంకా మొదలెట్టలేదు," అన్నాడు ఆపరేటరు.

కరెంటు పోయినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకోవడం నా జీవితంలో అదే మొదటిసారి!

పాత ఫైలు మీదే సేవ్ చేశాను కాబట్టి అసలుది లేదు. సంతకం పెట్టిన ప్రూఫ్ మాత్రం ఉంది. సంగతి చెప్పగానే టీచర్ తర్వాతి బస్సుకే వచ్చి పక్కన కూర్చుని చదువుతుంటే నేను ఒక్కో మాటా వెనక్కి మార్చాను.

"సెట్టు నిండా కాయ కోసింది ఈ సేతులే. నీల్లకి మాత్తరం దోసిలి పట్టమన్నారు."

నా చెయ్యి ఆగిపోయింది. మా పుట్టింటి తోటలోనూ కూలీలకి గ్లాసు ఇచ్చేవారు కాదు, పైనుంచి పోసేవారు. ఆ మాట టీచరుతో చెప్పాను. ఆవిడ నావైపు చూసి, "తెలుసండీ. ఆ తోటకీ వెళ్లింది మా అమ్మ," అన్నారు. "తర్వాతి లైను చదవండి," అన్నాను.

పుస్తకావిష్కరణ వాళ్ల చర్చి హాల్లో జరిగింది. చదువు రాని రూతమ్మగారు ముందు వరసలో కూర్చుని కూతురు చదువుతుంటే తలూపుతూ విన్నారు. అయిపోయాక నా చెయ్యి పట్టుకున్నారు.

"అచ్చం నేనన్నట్టే ఉందమ్మా. ఎక్కడా మార్సలేదు."

అక్షరం చూడగానే దిద్దడం నాకు వృత్తి నేర్పిన అలవాటు. దిద్దేముందు అది ఎవరి నోటి మాటో అడగాలని మాత్రం ఆ పుస్తకమే నేర్పింది.